ఎవురూ చూడకపోతే ఎలక్ట్రాన్ యాడుంటాది? – మామూలు మనిషి అనుమానాలు

అలిపిరి_మెట్లు:
ఫిజిక్స్ తెలిసిన తిరుపతి, చిత్తూరు జనాలకు నమస్కారం. యూట్యూబులో క్వాంటమ్ వీడియోలు చూసేకొద్దీ చిక్కు పెరుగుతా ఉండాది. అనుమానాలు నాలుగే.

ఎలక్ట్రాన్ రెండు చీలికల్లోంచీ ఒకేసారి పోతుందంటారు, చూస్తే మాత్రం ఒకదాంట్లోంచే పోతుందంటారు. ఈ "చూడటం" ఎవురు చూడటం? కెమెరా చాలునా, మనిషే చూడాల్నా?

మనసే జగత్తును పుట్టిస్తుందని మన వేదాంతం చెప్పినమాటే ఇది అంటా ఉండారు. నిజమేనా?

ఒక కణాన్ని తిరుపతిలో తాకితే దాని జంటకణం చిత్తూరులో ఉలిక్కిపడుతుందంట. ఎట్ల?

పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లో ఏదన్నా కళ్ళారా చూడచ్చా?

స్వర్ణముఖి:
మొదటిదానికి జవాబు: మనిషి అక్కర్లేదు, కెమెరా కూడా అక్కర్లేదు. "చూడటం" అనే మాటే ఇన్ని తిప్పలు తెచ్చింది. దాని బదులు "జాడ మిగలడం" అనుకోండి.

1989లో జపాన్‌లో టోనోమురా బృందం రెండు దారులున్నచోట ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపింది. ఒకటి తెరకు తగిలాకే ఇంకొకటి బయల్దేరేంత పలచగా. తెరమీద పడేది ప్రతిసారీ ఒక చుక్కే, సగం చుక్క ఎప్పుడూ పడదు. పది చుక్కలు పడ్డప్పుడు బియ్యం చల్లినట్టు ఉంటుంది. వేలల్లో పడేసరికి ఒక నిలువు చార చుక్కలతో నిండి, దాని పక్క చార దాదాపు ఖాళీగా, ముగ్గు గీసినట్టు తేలుతుంది. ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో దారిలోనే పోయుంటే ఆ ఖాళీ చారలు రావు. పోనీ రెండుగా చీలిపోయిందా అంటే, చీలినదాన్ని పట్టుకున్నవాళ్ళు లేరు. కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయించినా అది ఏ దారిన వచ్చిందో చెప్పదు. చెప్పడానికి ఆ సంగతి ఎక్కడా నమోదు కాలేదు.

ఎవరూ చూడకుండానే చారలు చెరిగిపోతాయనడానికి అచ్చమైన రుజువు వియన్నాలో ఉంది. 1999లో అక్కడ 60 కార్బన్ పరమాణువుల బంతులతో చారలు తెప్పించారు. ఆ బంతి తరంగదైర్ఘ్యం దాని సైజులో సుమారు 400వ వంతు, అవి దూరిన జాలీలో చీలికకూ చీలికకూ మధ్య దూరం 100 నానోమీటర్లు. తర్వాత 2004లో 70 కార్బన్లున్న బంతులను లేజర్‌తో కాల్చి పంపారు. వేడెక్కిన బంతి దారిలో తనంతట తానే కాంతి కణాలను వదులుతుంది, ఎర్రగా కాలిన కొలిమి ఇనుములాగా. వేడి పెంచేకొద్దీ చారలు మసకబారి, చివరికి పోయాయి. వదిలిన ఆ కాంతిని పట్టుకున్నవాడు లేడు, చూసినవాడు లేడు. "నేనిక్కడ ఉన్నాను" అనే కబురు గోడకు చేరితే చాలు, పని అయిపోయింది.

చంద్రగిరి_కోట:
అదే లెక్కన గది గాలిలో తేలే 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ధూళికణాన్ని చూడు తమ్ముడూ. సెకనుకు దాన్ని గుద్దే గాలి అణువులు దాదాపు 1 పక్కన 18 సున్నాలు. ప్రతి గుద్దూ ఒక జాడే. అందుకే ధూళి ఒకేసారి రెండు చోట్ల కనపడదు. కుర్చీలూ కొండలూ "చూసేదాకా ఉండవు" అనేదానికి ఇక్కడే తెర పడుతుంది. శేషాచలాన్ని ఎవరూ చూడకపోయినా గాలి, వెలుగు, వేడి రాత్రీపగలూ తాకుతానే ఉంటాయి. దీనికి పెట్టుకున్న పేరు డీకోహెరెన్స్. 1970లో జే అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త మొదలుపెట్టాడు, 1981 నుంచి జూరెక్ అనే ఇంకో భౌతికశాస్త్రవేత్త గట్టిపరిచాడు.

హార్స్లీ_గాలి:
అక్కడే తొందరపడుతున్నారు. డీకోహెరెన్స్ చారలెందుకు పోతాయో చెబుతుంది. ఉన్న అవకాశాల్లో *ఈ ఒక్కటే* ఎందుకు జరిగిందో చెప్పదు. లెక్కలో రెండు అవకాశాలూ ఇంకా ఉన్నాయి, ఒకదానితో ఒకటి కలబడటం మాత్రం మానేశాయి. మనకు కనపడేది ఒక్కటే చుక్క. ఆ రెండింటి మధ్య గండి అలాగే ఉంది.

చంద్రగిరి_కోట:
ఒప్పుకుంటా. దానికి మళ్ళీ వద్దాం, ముందు ఆయన ఇంటి ప్రయోగం తేలనీ.

శేషాచలం_నీడ:
ఇంటి ప్రయోగం చెబుతాను. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ పాయింటర్, ఒక తలవెంట్రుక, చీకటి గది, 3 మీటర్ల అవతల తెల్లగోడ. అంతే.

అట్టముక్కకు అంగుళం చిల్లు చేసి, వెంట్రుకను నిటారుగా బిగించి పైనా కిందా టేపు వేయండి. పాయింటర్ చేత్తో పట్టుకుంటే గోడమీద చుక్క ఊగులాడుతుంది. బట్టల క్లిప్పు బొత్తాం మీద పెట్టి నొక్కి ఉంచి, పాయింటర్‌ను పుస్తకాల మధ్య ఇరికించండి. వెలుగు సరిగ్గా వెంట్రుక మీద పడి దాని రెండు పక్కలనుంచీ సాగగానే గోడమీద అడ్డంగా చుక్కల వరుస సాగుతుంది. వెంట్రుక 75 మైక్రాన్లుంటే చీకటికీ చీకటికీ మధ్య 26 మిల్లీమీటర్లు వస్తుంది (నడిమి వెలుగు దానికి రెట్టింపు వెడల్పు). లెక్క: తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి వెంట్రుక మందంతో భాగించడం. తిరగేస్తే ఆ చారల ఎడంతోనే వెంట్రుక మందం తెలుస్తుంది. 28 మి.మీ. వస్తే వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు.

నిజంగా రెండు చీలికలే కావాలంటే హారతి కర్పూరం మసి పనికొస్తుంది. గాజు పలకను కర్పూరం మంట మీద తిప్పితే పలచగా, ఒకేతీరుగా మసి పడుతుంది. రెండు షేవింగ్ బ్లేడ్లను అంటించి పట్టుకుని, స్కేలు ఆనించి, ఒక్క లాగుతో గీయండి. బ్లేడు మందం 0.1 మి.మీ. కాబట్టి గీతల మధ్య దూరం దాదాపు అంతే, 3 మీటర్లలో చారల ఎడం సుమారు 20 మి.మీ. రెండోసారి గీశారంటే చెడినట్టే, గీతలు వెడల్పై చారలు మూడు నాలుగుకు మించి రావు. మసి మందంగా ఉన్నా అంచులు పెచ్చులూడతాయి.

కంటికి సూటిగా పెట్టకండి, గదిలో అద్దం ఉంటే కప్పేయండి. చవకరకం ఆకుపచ్చ లేజర్ వద్దు. దాంట్లో ఆకుపచ్చ వెలుగుతో పాటు కంటికి కనపడని 1064 నానోమీటర్ల కాంతి కారుతుంది, రెప్ప వాల్చాలని కూడా అనిపించదు.

స్వర్ణముఖి:
చక్కగా చెప్పారు. కానీ ఇది చూసి "క్వాంటమ్ చూసేశాను" అనుకుంటే మోసపోయినట్టే. చెరువులో అలలు కూడా ఇలాగే చేస్తాయి. యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లోనే సూర్యకాంతితో చూపించాడు, అప్పటికి క్వాంటమ్ అనే ఊసే లేదు.

లెక్క చూడండి. 1 మిల్లీవాట్ ఎర్ర లేజర్ సెకనుకు 33 కోట్ల కోట్ల ఫోటాన్లు (కాంతి కణాలు), అంటే 33 పక్కన 14 సున్నాలు, వదులుతుంది. 3 మీటర్లు దాటడానికి కాంతికి 10 నానోసెకన్లు. అంటే ఏ క్షణంలో చూసినా మీ గదిలో దారిపొడుగునా 3.3 కోట్ల ఫోటాన్లున్నాయి. "ఒక్కోటే పోతున్నా చారలు వస్తాయి" అన్నదే క్వాంటమ్ వింత. దానికి ముందు వెలుగును 3.3 కోట్ల వంతుకు తగ్గించాలి. అదీ చాలదు. లేజర్‌ను ఎంత మసకబార్చినా ఫోటాన్లు క్రమంగా రావు, వాన చినుకుల్లా గుంపులుగా, ఖాళీలుగా వస్తాయి. సగటు ఒకటి పెడితే నూటికి 26 సార్లు రెండో అంతకు మించో ఉంటాయి. సగటు 0.1కి దించితే అది అర శాతం లోపుకు పడుతుంది, కానీ పది సార్లలో తొమ్మిది సార్లు ఏమీ ఉండదు. 1909లో టేలర్ గ్యాస్ దీపాన్ని మసిగాజులతో మసకబార్చి, సూది నీడను నెలలపాటు ఫోటో ప్లేటు మీద పట్టాడు, చారలు వచ్చాయి. నిక్కచ్చిగా ఒంటరి ఫోటాన్లతో చేసింది మాత్రం 1986లో, ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పె.

పలమనేరు_పాలకోవా:
అయితే మూడు పోలరైజర్ల (ఒక వాలుగా ఊగే కాంతినే దాటనిచ్చే ఫిల్ములు) ఆట కూడా మామూలు అలల లెక్కేనా? రెండు ఫిల్ములు అడ్డం నిలువు పెడితే చీకటి, మధ్యలో మూడోది 45 డిగ్రీల్లో దూరిస్తే వెలుగు. జల్లెడ మీద జల్లెడ పెడితే పిండి ఎక్కువ రాలినట్టు ఉండాది!

స్వర్ణముఖి:
అలల లెక్కకు లొంగేదే. అయినా ఆ ఆట విలువ వేరు. ఫిల్ము జల్లెడ కాదని ఒప్పిస్తుంది. జల్లెడైతే ఉన్నదాన్ని ఏరుతుంది. ఫిల్ము తనలోంచి దాటినదాన్ని తన వాలుకు తిప్పేస్తుంది. లెక్కప్రకారం మొదటి ఫిల్ము సగం ఆపుతుంది, రెండోది అందులో సగం, మూడోది మళ్ళీ సగం, మిగిలేది 12.5 శాతం. పాత కాలిక్యులేటర్ తెరల నుంచి ఊడదీసిన ఫిల్ములైతే ఒక్కోటీ ఇంకాస్త మింగుతుంది, ఆరేడు శాతమే మిగలచ్చు. ఫిల్ము వెనక జిగురు ఉంటే వెలుగు చెదిరి "చీకటి" బూడిదరంగులో ఉంటుంది, తుడవండి. త్రీడీ సినిమా కళ్ళద్దాలు తేవద్దు. వాటిలో చాలావరకు వర్తుల ధ్రువణం (వాలు గుండ్రంగా తిరిగే రకం), ఎటు తిప్పినా తేడా తెలియదు.

ఇక ఫోటాన్ ఒక్కటే వచ్చినప్పుడు ఆలోచించండి. 45 డిగ్రీల ఫిల్ము దగ్గర అది సగం దాటలేదు. దాటితే మొత్తంగా దాటింది, లేదా మొత్తంగా ఆగింది. ఏది జరుగుతుందో దాని గురించి తెలుసుకోగలిగినదంతా తెలిసినా చెప్పలేం. మీ అనుమానాలన్నీ పుట్టేది ఇక్కడ.

వకుళ:
వేదాంతం మాట నేను తీసుకుంటాను.

మనం చూడటం వల్లే సృష్టి అనేది అద్వైతంలో ఒక పాయ, దాని పేరు దృష్టి-సృష్టి వాదం. అద్వైతమంతా అది కాదు. శంకరులే బ్రహ్మసూత్ర భాష్యంలో "నాభావ ఉపలబ్ధేః" (2.2.28) దగ్గర, బయట వస్తువులు లేవు, ఉన్నది జ్ఞానమే అనే విజ్ఞానవాదులను ఖండించారు. స్తంభం, గోడ, కుండ, బట్ట బయట ఉన్నట్టే అనుభవానికి వస్తున్నాయి, వాటిని లేవనడం కుదరదు అని. ఆ తర్వాతి సూత్రంలోనే మెలకువ కలలాంటిది కాదంటారు. కాబట్టి "క్వాంటమ్ చెప్పేది, శంకరులు చెప్పింది ఒకటే: మనసే వస్తువు" అన్నవాళ్ళు ఇద్దరినీ చదవలేదన్నమాట. అయినా తిరుమల కొండ కింద కూర్చుని వేదాంతమంటే మాయ ఒక్కటే అనుకుంటే ఎలా అండీ? రామానుజులకు జగత్తు సత్యం.

క్వాంటమ్ సమీకరణం రాసిన ష్రోడింగర్‌కు ఉపనిషత్తుల మీద మక్కువ ఉన్న మాట నిజమే. 1926లో ఆయన రాసిన సమీకరణం మాత్రం కణాలకూ అల ఉంటుందన్న డి బ్రోయ్ ఊహ నుంచి వచ్చింది, హైడ్రోజన్ వర్ణరేఖలతో (దాని వెలుగును విడదీస్తే కనపడే రంగుగీతలు) సరిపోయింది కాబట్టి నిలబడింది. చైతన్యమే తరంగాన్ని కూలుస్తుందని, అంటే ఉన్న అవకాశాలను ఒక్కటిగా తేలుస్తుందని, గట్టిగా వాదించినవాడు విగ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త, 1961లో. పెద్ద వస్తువులను పరిసరాలనుంచి వేరుచేయలేమని జే చూపించాక ఆయనే ఆ వాదన వదులుకున్నాడు. ఈ రెండో సగం వీడియోల్లో చెప్పరు.

పలమనేరు_పాలకోవా:
క్వాంటమ్ లాకెట్లు అమ్మేవాళ్ళు కూడా చెప్పరక్కా.

వకుళ:
అవి కొనకండి బాబూ. నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ 2021 డిసెంబరులో అలాంటి కొన్ని లాకెట్లలో రేడియోధార్మికత ఉందని, ఒంటిమీద పెట్టుకోవద్దని హెచ్చరించింది.

గాదంకి_53:
మూడో అనుమానానికి జవాబు నేను చెబుతాను. "ఉలిక్కిపడటం" అన్నమాట తీసేద్దాం సార్, అదే తప్పుదారి.

గుడి బయట చెప్పులు విడిచి, తిరిగి వచ్చేసరికి ఎడమకాలి చెప్పు ఒక్కటే ఉంది. ఎవరో పట్టుకుపోయింది కుడికాలిదని ఆ క్షణంలోనే తెలుస్తుంది. ఆ కుడి చెప్పు చిత్తూరు చేరినా దానికి ఏమీ కాలేదు. జంటకణాలు ఇంతే అయితే వింతే లేదు. ఐన్‌స్టైన్ ఇలాంటిదే ఆశించాడు. పుట్టినప్పుడే ప్రతి కణానికీ తలరాత రాసి ఉంటుందని. 1964లో బెల్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ తలరాతను పరీక్షించే దారి చూపాడు. 1969లో దాన్ని ప్రయోగానికి అనువుగా మలిచారు. ఆటగా చెబుతాను.

మీరు తిరుపతిలో, మీ తమ్ముడు చిత్తూరులో. ఇద్దరి ముందూ చెరొక నాణెం ఎగరేస్తారు. నాణెం చూసి ఎవరికివారు "ఔను" లేదా "కాదు" అనాలి. ఫోన్లు లేవు. రెండుచోట్లా బొరుసు పడితే మీ జవాబులు వేరుగా ఉండాలి. తక్కిన మూడు సందర్భాల్లోనూ ఒకటిగా ఉండాలి. ముందు ఎంతసేపైనా కూర్చుని ఒప్పందం చేసుకోవచ్చు.

ఇద్దరూ ఎప్పుడూ "ఔను" అంటే నూటికి 75 సార్లు గెలుస్తారు. అంతకు మించి కుదరదు. ఎందుకంటే: మీ బొమ్మ జవాబు తమ్ముడి బొమ్మ జవాబుతో కలవాలి, తమ్ముడి బొరుసు జవాబుతోనూ కలవాలి. మీ బొరుసు జవాబు తమ్ముడి బొమ్మ జవాబుతో కలవాలి. ఈ మూడూ ఒప్పుకుంటే మీ బొరుసు, తమ్ముడి బొరుసు వద్దన్నా కలిసిపోతాయి. నాలుగోది ఓడతారు. కాగితం మీద రాసుకుని చూడండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఒప్పందం బదులు జంట ఫోటాన్లు పంచుకోండి. మీ పోలరైజర్ బొమ్మకు 0 డిగ్రీలు, బొరుసుకు 45. తమ్ముడిది బొమ్మకు 22.5, బొరుసుకు మైనస్ 22.5. దాటితే "ఔను", ఆగితే "కాదు". మొదటి మూడు సందర్భాల్లో కోణాల తేడా 22.5, నాలుగోదాంట్లో 67.5. గెలుపు నూటికి 85.36. 75 దాటిందంటే ఏ కణం తలరాత దాని వెంటే రాసి లేనట్టే. ఇదే సంగతిని ప్రయోగాలవాళ్ళు ఎస్ అనే సంఖ్యతో కొలుస్తారు. తలరాతకు హద్దు 2, క్వాంటమ్ హద్దు 2.83. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కి.మీ. దూరంలో, 245 సార్లు చేసి, 2.42 తెచ్చారు. 2022 నోబెల్ ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు వచ్చింది ఈ దారి వేసినందుకే.

అలిపిరి_మెట్లు:
అన్నా, అయితే ఇట్లనే తిరుపతి నుంచి చిత్తూరుకు కబురు పంపచ్చు కదా? ఫోన్ కన్నా ముందే?

గాదంకి_53:
పంపలేరు. తమ్ముడి దగ్గర "ఔను", "కాదు" ఎప్పుడూ సగం సగమే, మీరు పోలరైజర్ ఎటు తిప్పినా. రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే తప్ప ఆ 85 కనపడదు. పక్కపక్కన పెట్టాలంటే ఫోన్ చేయాలి, లేదా బస్సెక్కాలి.

నిజంగా ఈ రెండు ఊళ్ళ మధ్య చేయాలంటే ఇబ్బంది ఎక్కడో చూడండి. గాలిదారి దాదాపు 60 కి.మీ., కాంతికి 200 మైక్రోసెకన్లు. ఆలోపు రెండు చోట్లా నాణెం పడి, జవాబు నమోదైపోవాలి, లేకపోతే "రహస్యంగా కబురు పోయింది" అనేవాడి నోరు మూయించలేం. ఆ భాగం తేలికే. కష్టమంతా ఫైబర్. 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.2 డెసిబెల్ పోతుంది, 60 కి.మీ.కు 12 డెసిబెల్, అంటే నూటికి ఆరు ఫోటాన్లే బతికి చేరతాయి. చేరినవాటినే లెక్కపెడితే "చేరని 94 వేరేలా చెప్పి ఉండేవేమో" అనే సందు మిగులుతుంది. పైన చెప్పిన పద్ధతిలో ఆ సందు మూయాలంటే కనీసం 82.8 శాతం పట్టుకోవాలి. డెల్ఫ్ట్‌వాళ్ళు దీన్ని ఒడుపుగా దాటారు. చిక్కు పడేసింది, అంటే జంట కట్టింది, వజ్రాల్లో ఉన్న ఎలక్ట్రాన్లను. రెండువైపుల నుంచీ బయల్దేరిన ఫోటాన్లు మధ్యలో కలిసినట్టు తెలిసినప్పుడే ఆ పందెం లెక్కలోకి వస్తుంది. ఫోటాన్ దారిలో పోతే పందెం మొదలే కానట్టు.

పలమనేరు_పాలకోవా:
నాణెం పడేదే ముందు రాసిపెట్టుంటే?

గాదంకి_53:
ఆ మాటకు అడ్డుకట్ట ఉండదు, వెనక్కు తొయ్యగలం అంతే. 2018లో నాణెం బదులు క్వేసార్ల (చాలా దూరాన బాగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డుల) కాంతి వాడారు, అందులో దగ్గరిది 780 కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరింది. కుట్ర ఉంటే అప్పటికే జరిగుండాలి.

హార్స్లీ_గాలి:
ఇప్పుడు నేను వదిలిన గండికి వస్తాను. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితో ఏళ్ళ తరబడి సంభాషించిన భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ మీకు గుర్తుండే ఉంటాడు. బోమ్ సిద్ధాంతంలో ఎలక్ట్రాన్‌కు ఎప్పుడూ ఒక చోటు ఉంది, ఒకే చీలికలోంచి పోతుంది. అల రెండింట్లోంచీ పోయి దాన్ని నడిపిస్తుంది. లెక్కలు మామూలు క్వాంటమ్‌తో సరిగ్గా సరిపోతాయి. చూసేదాకా ఏమీ లేదనే మాట ప్రయోగం బలవంతం చేసింది కాదని చెప్పడానికి ఇది ఒక్కటే చాలు. మూల్యం ఏమిటంటే, చిత్తూరులో పోలరైజర్ తిప్పితే తిరుపతిలో కణాన్ని నడిపే అల అప్పటికప్పుడు మారుతుంది. ఒక మాట: ఈ సిద్ధాంతం చెప్పిన బోమ్ వ్యాసాలు 1952వి, బోమ్ కృష్ణమూర్తిని కలిసింది 1961లో. తత్వచర్చలోంచి ఈ సిద్ధాంతం పుట్టిందని రాసేవాళ్ళు తేదీలు చూసుకోవాలి.

చంద్రగిరి_కోట:
నాకు బోమ్ రుచించదు. నడిపే అల కణాన్ని తోస్తుంది, కణం అలను తిరిగి తోయదు. ఖాళీ కొమ్మలు, అంటే కణం పోని దారుల అలలు, లెక్కలో పడి ఉంటాయి, పనీపాటా లేకుండా. దానికన్నా 1957లో ఎవరెట్ అనే భౌతికశాస్త్రవేత్త అన్నట్టు కొమ్మలన్నీ, అంటే అన్ని అవకాశాలూ, నిజమే అనడం నయం.

హార్స్లీ_గాలి:
కొమ్మలన్నీ నిజమైతే "నూటికి 85" అన్న మాటకు అర్థమేంటి? అన్నీ జరిగేవే కదా. దానికి మీవాళ్ళిచ్చే జవాబులు ఇంకా అతుకుల బొంతే.

స్వర్ణముఖి:
ఇద్దరూ తెల్లారేదాకా సాగిస్తారని తెలుసు కనుక మధ్యలో వస్తున్నా. బోమ్, ఎవరెట్ ఇద్దరివీ మామూలు లెక్కే ఇస్తాయి, ప్రయోగం తేల్చదు. తేల్చగలిగే రకం ఒకటుంది. తరంగం తనంతట తానే అప్పుడప్పుడూ కూలుతుందనే 1986 నాటి ప్రతిపాదన. అందులో ఒక్కో కణానికి కూలడం దాదాపు పది కోట్ల ఏళ్ళకొకసారి, పిడికెడు ఇసుకలో మాత్రం కణాలు లెక్కలేనన్ని కాబట్టి వెంటనే. అలా కూలితే సన్నటి వేడి లేదా ఎక్స్-కిరణాలు పుట్టాలి. ఇటలీలో గ్రాన్ సాస్సో కొండ కింద వెతికారు, ఈ కోవలోనే గురుత్వంతో ముడిపెట్టిన రకంలో అతి సరళమైనది తప్పని తేల్చారు. అటువైపు వియన్నాలో 2019 నాటికి 2000 పరమాణువుల అణువుతోనూ చారలు తెచ్చారు. ఈ వాదనలో ఎవరైనా గెలిచేది ఇలాంటి చోటే.

అలిపిరి_మెట్లు:
సరే, "చూడటం" కాదు "జాడ మిగలడం". మరి మిగిలిన జాడను తర్వాత చెరిపేస్తే? చారలు తిరిగొస్తే గతం మారినట్టు కాదా?

శేషాచలం_నీడ:
ఇది కూడా ఇంట్లో అయ్యేదే. వెంట్రుక మరీ సన్నం, దాని వెనక ఫిల్ము అతుకు దాగదు. కరెంటు ఫ్లెక్సిబుల్ వైరులోంచి ఒక పోగు తీయండి, 0.2 మి.మీ. ఉంటుంది, 3 మీటర్లలో చారల ఎడం దాదాపు 10 మి.మీ. పోగును నిటారుగా బిగించి, దాని ఎడమవైపు నిలువు ఫిల్ము, కుడివైపు అడ్డం ఫిల్ము, అతుకు సరిగ్గా పోగు వెనక పడేట్టు అంటించండి. రెండు ముక్కలూ ఒకే షీటువి కావాలి. వేర్వేరు మందాలైతే ఒకవైపు కాంతి వెనకబడి, మసకగా వచ్చే చారలను మీరు వేరే దానికి ఆపాదిస్తారు. పాయింటర్ కాంతికి సొంత వాలు ఉంటుంది, దాన్ని 45 డిగ్రీలకు తిప్పి పెట్టండి, లేకపోతే ఒకవైపే వెలుగుతుంది.

గోడమీద చారలు పోతాయి. ఎడమ కుడి అనే జాడ కాంతికే అంటింది. ఇప్పుడు గోడకు ముందు మూడో ఫిల్మును 45 డిగ్రీల్లో పట్టుకోండి, చారలు తిరిగొస్తాయి.

గతం సంగతి: అదే ఫిల్మును మైనస్ 45కు తిప్పండి. మళ్ళీ చారలే, కానీ ఇందాక వెలుగున్నచోట చీకటి, చీకటున్నచోట వెలుగు. రెండు బొమ్మలనూ కలిపితే మూడో ఫిల్ము లేనప్పటి చదును వెలుగే. అందులో రెండు జతల చారలూ ముందునుంచే ఉన్నాయి, ఫిల్ము ఒక జతను ఏరింది. ఒక్కో ఫోటాన్‌తో చేసినా ఇదే తేలుతుంది. తిప్పినప్పుడు చారలు అటూఇటూ మారకుండా అక్కడే ఉంటే మాత్రం అతుకు పోగు వెనకనుంచి జరిగిందని అర్థం. ఒకే ఫిల్ములోంచి రెండు అంచుల కాంతీ వస్తోంది, విప్పి మళ్ళీ అంటించండి.